పటంలో ఆకుపచ్చ, నేల మీద ఎండిన కొమ్మలు: తీర సేవల అంచనా శిక్షణపై నా సమీక్ష

తీరం వైపు విస్తరిస్తున్న పట్టణాలకు వరద నీటి కాలువలు గీయడం నా పని. 18 ఏళ్లుగా అదే చేస్తున్నాను. ఆ కాలువలన్నీ చివరికి చేరేది పోటుకు మునిగి పాటుకు తేలే బురద నేలకే. నా నక్షాలలో దానికి ఎప్పుడూ ఒకటే పేరు: ‘ఖాళీ స్థలం’. రెండేళ్ల కిందట అలాంటి 4 హెక్టార్ల ఉప్పు చిత్తడిని మెరక చేసి రోడ్డు వేసే ప్రతిపాదన నా బల్ల మీదికి వచ్చింది. ‘జీవావరణ సేవలపై ప్రభావం’, అంటే ప్రకృతి మనుషులకు చేసే మేలు ఎంత దెబ్బతింటుంది, అనే గడిలో ఏదో ఒకటి రాయాలి. ‘చెప్పుకోదగ్గది లేదు’ అని రాసి సంతకం చేశాను. ఆ మాట నిజమో కాదో నాకు తెలియదు. తెలుసుకునే పద్ధతీ తెలియదు. ఆ సంతకం చాలా రోజులు నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. తీరపు ప్రకృతి ఇచ్చే సేవలను అంచనా వేయడం నేర్పే ఈ శిక్షణలో చేరడానికి కారణం అదే.

నిర్వహించిన సంస్థ పేరు రాయడం లేదు. ఇలాంటి శిక్షణ ఎక్కడ తీసుకున్నా చూసుకోవలసిన సంగతులే ఇక్కడ చెబుతాను. ఆరు వారాలు సాయంత్రం పూట ఆన్‌లైన్ తరగతులు, తరువాత అయిదు రోజులు తీరంలో పని, ఆపైన రెండు నెలల్లో ఎవరి స్థలం మీద వారు రాసి ఇవ్వవలసిన నివేదిక. మా బృందంలో 22 మందిమి. పట్టణ ప్రణాళికాధికారులు, ఇంజనీర్లు, ఇద్దరు మత్స్యశాఖ ఉద్యోగులు, ఒక బీమా లెక్కల నిపుణుడు, ఒక భూగోళ శాస్త్ర ఉపాధ్యాయిని. ఈ కలయికే శిక్షణకు సగం బలం. నేను కాలువ చూసే చోట మత్స్యశాఖ వారు రొయ్య పిల్లల దారి చూస్తారు. బీమా ఆయన మాత్రం ఏ లెక్క వచ్చినా ‘ఏ ఏడాది తుఫానుకు?’ అని అడిగేవారు.

మొదటి రెండు వారాలు పేర్లు, వర్గీకరణలు. ఇది పొడి పాఠంగా ఉంటుందేమో అనుకున్నాను, కానీ నాకు ఎక్కువ ఉపయోగపడింది ఇదే. 2005లో వెలువడిన మిలీనియం జీవావరణ అంచనాతో మొదలుపెట్టారు. 95 దేశాలకు చెందిన దాదాపు 1,360 మంది నిపుణులు పనిచేసిన ఆ అంచనా 24 రకాల సేవలను పరిశీలించి, వాటిలో 15 క్షీణిస్తున్నాయని తేల్చింది. సమకూర్చే సేవలు (చేపల్లాంటివి), నియంత్రించే సేవలు (వరద తగ్గించడం లాంటివి), ఆధార సేవలు (పోషకాల చక్రంలా మిగతావాటికి పునాది అయ్యేవి), సాంస్కృతిక సేవలు అనే నాలుగు విభాగాలు అక్కడ స్థిరపడ్డాయి. తరువాత యూరప్‌లో రూపొందించిన వర్గీకరణ ఆధార సేవలను విడి విభాగంగా ఉంచలేదు. ఎందుకు ఉంచలేదో మా శిక్షకురాలు ఒక అభ్యాసంతో చూపించారు.

ఒక ఊహా పట్టణపు మడ అడవి ఇచ్చే సేవలన్నీ రాయమన్నారు. మా జట్టు 19 రాసింది. గర్వంగానే రాశాం. ఆమె ప్రతి వరుస పక్కన ఒక ఖాళీ గీత గీసి, ‘ఇది ఎవరికి అందుతోంది? మనుషులను చూపించండి’ అన్నారు. చేపపిల్లలు పెరగడానికి చోటు అని ఒక వరుస, జాలర్లకు దొరికే చేపలు అని మరో వరుస రాశాం. పెరిగిన పిల్లలే వలలో పడుతున్నప్పుడు రెండింటికీ విలువ కడితే ఒకే చేపను రెండుసార్లు లెక్కపెట్టినట్టే. పోషకాల చక్రం అని గొప్పగా రాసిన వరుసకు మనిషి దొరకలేదు. దాని ఫలితం అప్పటికే వేరే రెండు వరుసల్లో ఉంది. వారం ముగిసేసరికి 19 కాస్తా 7 అయ్యాయి. ఆ ఏడూ గట్టిగా నిలిచాయి. ఏ సమావేశంలో ఎవరు నిలదీసినా జవాబు చెప్పగలిగేవి అవి.

డబ్బు లెక్కల వారం గురించి కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే చాలామంది ఈ శిక్షణకు వచ్చేది దానికోసమే. హెక్టారుకు ఇంత అని ఒక అంకె చేతికి వస్తే ఫైలులో పెట్టేయవచ్చని నేనూ అనుకున్నాను. శిక్షకుడు 1997 నాటి ప్రసిద్ధమైన అంచనాను తెర మీద పెట్టారు. ప్రపంచం మొత్తం మీద 17 రకాల సేవల విలువ ఏడాదికి సగటున 33 లక్షల కోట్ల డాలర్లని అది చెప్పింది. అప్పటి ప్రపంచ స్థూల ఉత్పత్తి కంటే అది ఎక్కువ. ప్రకృతి ఉచితమనుకునే వారి కళ్లు తెరిపించడానికి ఆ అంకె పనికివచ్చింది. పట్టణంలో 4 హెక్టార్లు పూడ్చాలా వద్దా అనే ప్రశ్నకు మాత్రం అది పనికిరాదు. మన ముందున్న నిర్ణయం ప్రకృతి మొత్తాన్ని అమ్మడం గురించి కాదు, ఒక ముక్క పోతే ఏం మారుతుందన్నది. ముందు, తరువాత, ఉంటే, లేకపోతే. ఈ తేడాను పట్టుకోవడానికి నాకు మూడు తరగతులు పట్టింది. పట్టుకున్నాక అంతకుముందు నేను చదివిన నివేదికల్లో చాలావాటి డొల్లతనం కనిపించింది.

ఆ పద్ధతికి ఉదాహరణగా 2012లో అమెరికాను తాకిన శాండీ తుఫానుపై జరిగిన అధ్యయనాన్ని తీసుకున్నారు. బీమా రంగం వాడే వరద నమూనాలతోనే, తీరపు చిత్తడి నేలలు ఉన్నప్పుడు ఒకసారి, లేవనుకొని మరోసారి లెక్కకట్టారు. రెండు లెక్కల మధ్య తేడా 62.5 కోట్ల డాలర్లు. అంటే అమెరికా ఈశాన్య తీరంలో ఆ నేలల వల్ల తప్పిన ప్రత్యక్ష వరద నష్టం అంత. మా బీమా మిత్రుడు ఆ రోజు మొదటిసారి సంతృప్తిగా తల ఊపారు. వియత్నాం ఉదాహరణ నా మనసులో ఇంకా బాగా నిలిచింది. అక్కడ సుమారు 12,000 హెక్టార్ల మడ అడవిని నాటి కాపాడటానికి 11 లక్షల డాలర్లు ఖర్చయింది. దానివల్ల సముద్రపు గట్ల నిర్వహణలో ఏడాదికి 73 లక్షల డాలర్లు మిగిలాయని అంచనా. గట్ల మరమ్మతు నేను రోజూ చూసే పద్దు. ఆ పద్దులో కనిపించే లాభాన్ని ఏ ఇంజనీరూ పక్కకు నెట్టలేరు.

ప్రత్యామ్నాయ ఖర్చు పద్ధతికి శిక్షకుడు పెట్టిన షరతులను నా నోటు పుస్తకం మొదటి పేజీలో రాసుకున్నాను. చిత్తడి పోతే దాని బదులు గోడ కట్టాలి కాబట్టి గోడ ఖర్చే చిత్తడి విలువ అనడానికి మూడు విషయాలు రుజువు కావాలి. ఆ గోడ అదే సేవను ఇవ్వాలి. ఉన్న మార్గాల్లో అదే చౌకైనది కావాలి. చిత్తడి నిజంగానే పోతే జనం ఆ ఖర్చుకు సిద్ధపడి గోడ కడతారన్న నమ్మకం ఉండాలి. మూడోది లేకపోతే ఎవరూ కట్టని గోడకు ధర రాసినట్టే.

ఇక తీరంలో గడిపిన అయిదు రోజులు. తొలి రోజు ఉదయం పాటు మొదలైన గంటకు బురదలోకి దిగాం. చెట్ల చుట్టుకొలత నేలకు 1.3 మీటర్ల ఎత్తున కొలవడం మామూలు పద్ధతి. ఊతవేళ్ల మీద నిలబడే మడ చెట్లకు ఆ కొలత కుదరదు. అన్నిటికంటే పైనున్న ఊతవేరు మొదలు నుంచి 30 సెంటీమీటర్లు పైకి లెక్కించి అక్కడ టేపు చుట్టాలి. మోకాలి లోతు బురదలో నిలబడి, వేళ్ల గజిబిజిలో టేపు దూర్చి, ఒకరు అంకె చెబితే మరొకరు రాసుకునేవారు. మధ్యాహ్నానికి 41 చెట్లు పూర్తయ్యాయి.

రెండో రోజు మట్టి. సగానికి చీల్చిన గొట్టంలా ఉండే ఒక ఉక్కు పరికరాన్ని మీటరు లోతుకు దించి, అర చుట్టు తిప్పి పైకి లాగాం. లోపల మట్టి కడ్డీలా నిలిచింది. పైన గోధుమ రంగు, ఆ కింద బూడిద రంగు కలిసిన నలుపు, దాని నిండా వెంట్రుకల్లాంటి వేళ్లు. 60 సెంటీమీటర్ల దగ్గర తెల్లని నత్తగుల్ల ఒకటి. కుళ్లిన గుడ్డు వాసన గుప్పున కొట్టింది. ఆ వాసన ఎందుకు వస్తుందో అక్కడే వివరించారు. లోపల ప్రాణవాయువు లేదు. సముద్రపు నీటిలోని సల్ఫేటుతో బతికే సూక్ష్మజీవులే అక్కడ ఎక్కువగా పనిచేస్తాయి. అందుకే రాలిన ఆకు, చచ్చిన వేరు చాలా నెమ్మదిగా కుళ్లి, వాటిలోని కర్బనం శతాబ్దాల పాటు అక్కడే ఉండిపోతుంది. 83 సెంటీమీటర్ల దగ్గర నల్ల మట్టి ఆగిపోయి శుభ్రమైన ఇసుక మొదలైంది. శిక్షకురాలు ఆ గీత మీద వేలు ఆనించి, ‘ఈ అడవి ఇక్కడ మొదలైందండి. దీనికి ముందు ఇది వట్టి ఇసుక తిప్ప’ అన్నారు. 18 ఏళ్లలో నేను ఎన్నో మట్టి పరీక్షలు చేయించాను. మోయగల బరువు తప్ప మట్టిలో ఇంకేమీ చదవలేదు.

అయితే ఈ శిక్షణకు ఎన్ని మార్కులు వేసినా తక్కువే అనిపించింది మూడో రోజు. ఒక కట్ట రోడ్డుకు అవతలి వైపు తీసుకెళ్లారు. రోడ్డుకు సముద్రం వైపున అడవి పచ్చగా ఉంది. లోపలి వైపున అదే జాతి చెట్లు కొమ్మల చివర్ల నుంచి ఎండిపోతూ ఉన్నాయి. ఎవరూ నరకలేదు, ఎవరూ పూడ్చలేదు. రోడ్డు కింద ఒక సిమెంటు గొట్టం ఉంది. నేను దిగి కర్రతో కొలిచాను. గొట్టం అడుగు మట్టం కాలువ అడుగు కంటే 40 సెంటీమీటర్లు ఎత్తున ఉంది. పోటుకు నీళ్లు లోపలికి వస్తాయి, పాటుకు పూర్తిగా వెనక్కి పోవు. నేలలోంచి పెన్సిళ్లలా పైకి పొడుచుకొచ్చే శ్వాసవేళ్లు ఎప్పుడూ నీళ్లలోనే ఉంటున్నాయి. చెట్లకు ఊపిరి ఆడటం లేదు. ఆ గొట్టం మట్టం నిర్ణయించింది నాలాంటి ఇంజనీరే. రోడ్డు మునగకూడదని ఆలోచించి ఉంటారు. ఆ పక్క ఏముందో నక్షాలో ‘ఖాళీ స్థలం’ అని ఉండి ఉంటుంది. చాలాసేపు అక్కడి నుంచి కదలలేకపోయాను.

ఆ సాయంత్రమే 2021లో ఐక్యరాజ్యసమితి గణాంక సంఘం ఆమోదించిన జీవావరణ ఖాతాల విధానాన్ని చెప్పారు. అందులో విస్తీర్ణానికి ఒక ఖాతా, స్థితికి వేరే ఖాతా, సేవలకు మరొకటి. ఎండుతున్న ఆ చెట్లను చూసి వచ్చాక, విస్తీర్ణం, స్థితి ఖాతాలు వేరుగా ఎందుకు ఉండాలో నాకు ఎవరూ చెప్పనవసరం లేకపోయింది. విస్తీర్ణం ఖాతాలో ఆ అడవి మొత్తం ఉంది. స్థితి ఖాతాలో సగం లేదు.

ఇక్కడే శిక్షణలోని పెద్ద లోపం కూడా బయటపడుతుంది. నాలుగో, అయిదో వారాలను పూర్తిగా సాఫ్ట్‌వేర్‌కే ఇచ్చారు. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం కేంద్రంగా మొదలైన నేచురల్ క్యాపిటల్ ప్రాజెక్టు తయారుచేసిన, జీవావరణ సేవలను పటాల మీద లెక్కకట్టే ఇన్‌వెస్ట్ అది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మంచి పనిముట్టు. అందులో తీర దుర్బలత్వ నమూనా తీరం వెంట ఒక్కో బిందువుకు నేల రకం, ఎత్తు, గాలి, అలలు, ఉప్పెన అవకాశం, రక్షణనిచ్చే ఆవాసాలు వంటివాటికి 1 నుంచి 5 వరకు స్థానాలిచ్చి, వాటి గుణమధ్యమం (అన్నిటినీ గుణించి తీసే ఒక రకం సగటు) తీస్తుంది. వచ్చేది పోలిక మాత్రమే. ఈ బిందువు ఆ బిందువు కంటే ఎక్కువ ప్రమాదంలో ఉంది అంటుంది. ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్లు వస్తాయో చెప్పదు. ఈ హెచ్చరిక మా తరగతిలో చివరి పావుగంటలో వచ్చింది. అప్పటికే సగం మంది ఆ రంగుల పటాన్ని వరద పటంగా తమ స్లైడ్లలో పెట్టేసుకున్నారు. ఇంకా బాధ కలిగించింది ఏమిటంటే, మేము అభ్యాసానికి వాడిన పటంలో కట్ట రోడ్డు వెనుక ఎండుతున్న ఆ అడవి కూడా ఆకుపచ్చగానే, పూర్తి రక్షణ ఇచ్చే ఆవాసంగానే ఉంది. తప్పు సాఫ్ట్‌వేర్‌ది కాదు, దానికి మేమిచ్చిన సమాచారానిది. క్షేత్రపర్యటన ముందు, సాఫ్ట్‌వేర్ తరువాత అయి ఉంటే ఈ తప్పును మేమే పట్టుకునేవాళ్లం. నిర్వాహకులు ఈ క్రమాన్ని తలకిందులు చేయాలని నా గట్టి కోరిక.

సమాచారమంతా శుభ్రం చేసి సిద్ధంగా ఇవ్వడం మరో ఇబ్బంది. తరగతిలో అన్నీ సజావుగా నడిచాయి. నా సొంత స్థలానికి చేయబోతే ఎత్తుల పటం ఒక నిర్దేశాంక (చోటును అంకెలతో గుర్తించే) పద్ధతిలో, భూవినియోగ పటం మరో పద్ధతిలో ఉండి ఒకదాని మీద ఒకటి కూర్చోలేదు. పన్నెండు రాత్రులు పోయాయి. ఒక వారం పాటు వంకరటింకర సమాచారంతో కుస్తీ పట్టించి ఉంటే ఎంతో మేలు జరిగేది.

నాలుగో రోజు మధ్యాహ్నం తీరం మీద బతికేవారితో మాటలు. ఒక్క పూట. ఇది చాలా తక్కువ. ప్రశ్నావళిలో ‘రోజుకు ఎన్ని కిలోలు?’ అని ఒక ప్రశ్న ఉంది. బురదలో గుల్లలు ఏరుతున్న ఒక పెద్దామెను అదే అడిగాను. ఆమె నడుము నిటారుగా చేసి, ‘రోజుకని ఎలా చెప్పనమ్మా? అమావాస్యకు, పున్నమికి నీళ్లు బాగా లాగుతాయి. అప్పుడే లోపలి తిప్పలు బయటపడతాయి. అష్టమికి వస్తే కాళ్లు తడుపుకొని పోవడమే’ అన్నారు. మేము వెళ్లింది పున్నమి మరునాడు. ఆ రోజు తూచిన బరువును 30తో గుణించి నెల ఆదాయం రాయబోతున్నాం మేము. ఒక్క మాటతో ఆమె మా లెక్కను సరిచేశారు. ఇలాంటివారిని మొదటి వారం నుంచే శిక్షకులుగా, గౌరవ వేతనంతో పిలవాలి. ప్రశ్నావళి వాళ్ల ముందు తయారుకావాలి.

సాంస్కృతిక సేవలకు అరగంట కేటాయించారు. దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు.

పెరుగుతున్న పట్టణాలకు ప్రత్యేకమైన విషయాల్లో ఒకటి మాత్రం అద్భుతంగా చెప్పారు. అది తీరం నలిగిపోవడం. 1901 నుంచి 2018 వరకు ప్రపంచ సగటు సముద్ర మట్టం 20 సెంటీమీటర్లు పెరిగింది. 2006 నుంచి 2018 వరకు ఏడాదికి 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగింది. నీరు పెరిగితే చిత్తడి, మడ అడవి నెమ్మదిగా నేల వైపు జరుగుతాయి. వెనుక గోడో రోడ్డో ఉంటే జరగడానికి చోటుండదు. ముందు నీరు, వెనుక కాంక్రీటు. పట్టణ పటం మీద పారదర్శక కాగితం పరిచి, ఇప్పుడున్న చిత్తడి వెనుక వదలవలసిన పట్టీని పెన్సిలుతో గీయించారు. మా అందరి పటాల్లో ఆ పట్టీ మీద అప్పటికే ఏదో ఒక నిర్మాణ ప్రతిపాదన ఉంది. ఆ గదిలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

అలల గురించి చెప్పిన అంకెలు నా వృత్తికి నేరుగా పనికివచ్చాయి. 100 మీటర్ల మడ అడవి గాలి అలల ఎత్తును 13 నుంచి 66 శాతం దాకా తగ్గించగలదు. ఉప్పెన మట్టం విషయానికి వస్తే కిలోమీటరు వెడల్పు అడవికి తగ్గేది 5 నుంచి 50 సెంటీమీటర్లే. అంటే సన్నని పట్టీ రోజువారీ అలల నుంచి గట్టును కాపాడుతుంది, పెద్ద ఉప్పెనను ఆపలేదు. ఈ తేడా చెప్పకుండా ‘చెట్లు నాటండి, తుఫాను ఆగుతుంది’ అని ప్రజలకు మాట ఇవ్వడం ప్రాణాలతో చెలగాటం. మురుగునీటి భారం, భూగర్భ జలంలోకి ఉప్పు చేరడం పైపైన తడిమి వదిలేశారు. పెరిగే పట్టణంలో మొదట తలెత్తే సమస్యలు అవే కాబట్టి నాకు అసంతృప్తి మిగిలింది.

చివరి నివేదికను సమీక్షించే పద్ధతికి నేను చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నాది రెండుసార్లు వెనక్కి వచ్చింది. మొదటిసారి ఒకే ప్రశ్న: ‘ఈ చిత్తడి వల్ల 212 ఇళ్లకు వరద తగ్గుతుందని రాశారు. ఉపగ్రహ చిత్రంలో కప్పులు లెక్కపెట్టారా, నడిచి చూశారా?’ కప్పులే లెక్కపెట్టాను. రెండు ఆదివారాలు నడిచాను. వాటిలో 31 పశువుల పాకలు, సరుకు నిల్వ షెడ్లు. ఒకే కప్పు కింద మూడేసి కుటుంబాలున్న ఇళ్లు 9. ఒక వృద్ధురాలు గోడ మీద నీటి మరక చూపించి, అది ఏ ఏడాదిదో చెప్పారు. ఆ మరక ఎత్తు నా నమూనా చెప్పిన దానికంటే 22 సెంటీమీటర్లు ఎక్కువ. నమూనాను సరిదిద్దాను. రెండోసారి భాష గురించి వెనక్కి పంపారు. నాకు కచ్చితంగా తెలిసినదాన్నీ, అంచనానూ ఒకే స్వరంతో రాశానట. అదీ న్యాయమే.

ఎవరు చేరాలి? ఫైలు మీద సంతకం పెట్టే స్థానంలో ఉన్నవారు తప్పక చేరాలి. సాఫ్ట్‌వేర్ మాత్రమే నేర్చుకోవాలనుకునేవారికి ఇంతకంటే చిన్న, చురుకైన పాఠాలు వేరే ఉన్నాయి. దరఖాస్తుతో పాటు మీరు పనిచేయదలచిన స్థలం పటం అడుగుతారు. నిర్ణయం ఇంకా కానిది, అంటే మీ నివేదిక వల్ల ఏదైనా మారే అవకాశమున్న స్థలాన్ని ఎంచుకోండి. పొడవాటి రబ్బరు బూట్లు తెమ్మని సూచనల్లో రాశారు, తీసుకెళ్లవద్దు. మెత్తని బురదలో బూటు దిగబడిపోయి కాలు ఒక్కటే పైకి వస్తుంది. తాళ్లు బిగించి కట్టే పాత బూట్లు, పొడవాటి మేజోళ్లు చాలు. అడుగు మట్టాలు కొలవడానికి అంకెలున్న కర్ర వాళ్ల దగ్గర ఒక్కటే ఉంది. మీది మీరు తీసుకెళ్లండి.